నూట పది వోల్టుల మిషన్

మిషన్ మాడిపోయింది. అలా ఇలా కాదు, లోపలి రాగితీగ బొగ్గయ్యేలా మాడింది. హాలునిండా పొగ, కాలిన రబ్బరు కంపు.

"ఎవరు పెట్టారు దీన్ని గోడ ప్లగ్గుకి?" కొడుకు గావుకేక పెట్టాడు.

ఇంట్లో ఉన్నదే ముగ్గురు. అతను అప్పుడే స్నానాల గదిలోంచి వచ్చాడు. తల్లి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఇక మిగిలింది అతని భార్య. కాబట్టి తప్పు ఆవిడదే అయిపోయింది.

"నేను కాదండీ. నేనొచ్చేసరికే పొగ..."

"నోర్ముయ్!" అంది అత్తగారు.

అసలీ మిషన్ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. కోడలికి మంచినీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగితే వచ్చింది. ఆ ఉత్తరం చూసి మొగుడుగారు సంతోషించలేదు సరికదా, రెండోరోజే ఈ సెకండ్‌హ్యాండ్ కుట్టుమిషన్ తెచ్చి హాల్లో పడేశాడు. "పని కావాలన్నావుగా, ఇంట్లో కూర్చుని కుట్టుకో" అన్నాడు. అంటే గడప దాటొద్దని! వీధిలో వాళ్లందరి బట్టలూ తనే ఒప్పుకొచ్చాడు కూడా. రేపు పదింటికల్లా వెళ్లి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఏ దేశంలో వాడి పారేసిందో ఏమో, ఆ మిషన్‌ది నూట పది వోల్టుల మోటారు. ఇంటి కరెంటేమో రెండొందల ముప్ఫై. మధ్యలో ఇటుకరాయంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఉండాలి. మిషన్ ప్లగ్గు ఆ డబ్బాకే పెట్టాలి, నేరుగా గోడకి పెడితే క్షణంలో మాడి చస్తుంది. ఈ మాట కొడుకు తల్లినీ పెళ్లాన్నీ వరసగా నిలబెట్టి పదిసార్లు చెప్పాడు.

మెకానిక్ వచ్చాడు. మోటారు విప్పి ముక్కు మూసుకున్నాడు.

"డబ్బా వదిలేసి గోడకి పెట్టేశారు. రెట్టింపు వోల్టేజీ పడితే ఏ మోటారు బతుకుతుంది సార్?"

"రీవైండింగ్ చేసెయ్. ఈసారి మన కరెంటుకే సరిపోయేలా చుట్టు. డబ్బా గొడవే ఉండదు."

"చుట్టొచ్చు. వారం పడుతుంది."

"చుట్టించి?" అత్తగారు అందుకుంది. "మళ్లీ ఈ మహాతల్లి చేతికే ఇస్తావా? ఇవాళ మిషన్ తగలబెట్టింది. రేపు కొంప తగలబెడుతుంది. పుట్టెడు చదువు చదివింది, ఏ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో తెలీదు!"

"అత్తయ్యా, ఒట్టు! నేను ముట్టుకోను కూడా లేదు." కోడలు ఏడ్చేసింది.

"ఇంకొక్క మాట మాట్లాడావంటే ఊరుకోను."

ఆ ఇంట్లో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. భార్యని మెచ్చుకుంటూ ఎవరేం చెప్పినా కొడుకు చెవికెక్కదు. తిడితే మాత్రం శ్రద్ధగా వింటాడు. ఇప్పుడూ తలూపుతూ విన్నాడు.

"మరి ఒప్పుకున్న బట్టల సంగతేంటమ్మా?"

"ఎవరివి వాళ్లకి తిరిగిచ్చిరా. ఒప్పుకొచ్చింది నువ్వేగా! ఈవిణ్ణి మాత్రం ఇంట్లో ఉంచకురా బాబూ. ఏదో ల్యాబో గీబో అందిగా, అక్కడికి తోలెయ్. సాయంత్రం దాకా నా కళ్లబడకుండా ఉంటే అదే పదివేలు. తగలబెడితే వాళ్ల మిషన్లే తగలబెడుతుంది."

మెకానిక్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దాంతో కొడుకు మొహం జేవురించింది.

"విన్నావా? రేపే పోయి చేరు. ఇంట్లో ఎందుకూ పనికిరావు నువ్వు!"

పనికిరాదట! కావలసింది చేతికొచ్చింది, చెప్పుదెబ్బతో కలిపి వచ్చింది. కోడలికి మొగుడు తిట్టడం కొత్తేం కాదు. కానీ ఎప్పుడూ పల్లెత్తు మాట అనని అత్తగారు బయటివాడి ముందు అలా దులిపేస్తే ఎలా మింగుతుంది? కోడలి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికి మొగుడు బట్టల మూటలెత్తుకుని ఇల్లిల్లూ తిరగడానికి పోయాడు. కోడలు చెప్పులేసుకుంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి టిఫిన్ డబ్బా అందించింది. అదీ ఎడంచేత్తో!

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంత అసహ్యంగా ఉంటే ఇవ్వకండి అత్తయ్యా. పస్తులుంటాను."

"అసహ్యమా నీ మొహమా! వచ్చేటప్పుడు కాలిన గాయాలకి పూసే మందు పట్రా. నిన్న ఆ దరిద్రపు ప్లగ్గు గోడకి గుచ్చినప్పుడు నా కుడిచేతి వేళ్లు కూడా మాడి చచ్చాయి."