ఫైల్లో ఉన్న పేరు

సమాచార హక్కు దరఖాస్తు మళ్లీ తిరిగొచ్చింది.

ఈసారి తారీఖు తప్పు. మహిపాల్ పోయింది ఆగస్టులో అయితే, జ్యోతిక జులై అని రాసింది. మొదటిసారి పంపినప్పుడైతే సంతకమే పెట్టలేదు.

“తొమ్మిది దాక సదివినవు. మొగడు సచ్చిన తారీఖు రాయరాదా?” అంది అండాలమ్మ. అనేసి నాలిక కరుచుకుంది. కోడలి ఒళ్లో ఏడాదిన్నర పాప పాలు తాగుతూనే నిద్రపోయింది. “పోనీ తియ్యి. నీ మనసు నీ కాడ లేదు. రేపు వకీలమ్మ కాడికే పోదాం. ఆమె చెప్తది, నువ్వు రాద్దువు.”

చైతన్యపురి వెనక గల్లీలో వాళ్ల కిరాయి ఇల్లు. మహిపాల్ పోయిన ఆ మధ్యాహ్నం గంటన్నర కుండపోత. గల్లీ నిండా మోకాలి లోతు నీళ్లు. అండాలమ్మ అప్పుడు ఊళ్లో లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసే మహిపాల్, ఇంటికాడ పెళ్లాం బిడ్డలు ఎట్లున్నారోనని సేటును అడిగి మధ్యలోనే బయల్దేరాడు. ఇంటికి పదడుగుల దూరంలో మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. నీళ్ల కింద అది కనబడలేదు. మర్నాడు మూసీ ఒడ్డున దొరికాడు.

నీళ్లు తొందరగా పోవాలని వానల్లో మూత లేపడం ఆ గల్లీకి కొత్త కాదు. లేపినవాళ్లు అందులో ఒక కర్ర నిలబెట్టి, కొసకు ఎర్రగుడ్డ కడతారు. ఆ రోజు కర్ర లేదు, గుడ్డ లేదు.

మూత తీసింది మా మనుషులు కాదు అన్నారు మున్సిపల్ ఆఫీసువాళ్లు. ఇంటింటికీ వచ్చి ఎవరేం చూశారో రాసుకుని సంతకాలు తీసుకుపోయారు. పరిహారం ఇవ్వాలా వద్దా చెప్పమని ఆ ఫైలును తమ వకీలుకు పంపారు. అందులో ఎవరి పేరుందో బయట ఎవరికీ తెలియదు.

పరిహారం మాటెత్తితే అండాలమ్మకు ఒళ్లు మండుతుంది. “నాకు పైసలెందుకు? నాకు వాని పేరు కావాలె.”

ఆమె అనుమానమంతా పై పోర్షన్‌లో ఉండిన గుండయ్య మీద. ఆఫీసువాళ్ల కాగితం మీద సంతకం పెట్టిన నెలలోపే ఇల్లు ఖాళీ చేసి బాలాపూర్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ జ్యోతిక ముఖం కూడా చూడలేదు.

“తప్పు చేసినోడే మొఖం దాసుకుంటడు.”

“అట్ల అనకు అత్తమ్మా. పాపం, ఆయనేం జేసిండు?”

“నీది మెత్తటి మనసు పిల్లా. అందుకే లోకం నిన్ను తొక్కుతది.”

మూడో దరఖాస్తులో తప్పులేం దొర్లలేదు. ఎల్బీనగర్ కోర్టు ఎదురుగా ఉన్న తన గదిలో వకీలు ఇందిరాదేవి పక్కనే కూర్చుని ఒక్కో ముక్కా చెప్పి రాయించింది. రాశాక పైకి చదివింది. ఆ తర్వాత నెల రోజులూ జ్యోతికకు అన్నం సహించలేదు. గల్లీలో పోస్ట్‌మ్యాన్ బండి చప్పుడైతే చాలు, చేతిలో గిన్నె కింద పెట్టేసేది.

ఆ ఫైలు ఇవ్వం అని జవాబొచ్చింది. దాని మీద అప్పీలు వేస్తే ఆఫీసుకు పిలిచారు. అత్తా కోడళ్లు, వకీలు ముగ్గురూ పోయారు, పాపనెత్తుకుని.

“ఆ కాగితాలన్నీ మా లాయరు గారి అభిప్రాయంలో భాగమమ్మా,” అన్నాడు పెద్దాఫీసరు వెంకట్రావు. “లాయరుకీ ఆయన క్లయింటుకీ మధ్య నడిచింది బయటకివ్వడం కుదరదండి.”

“సర్కారు కాగితమే గద సారూ. సర్కారంటే మేం గాదా?” అంది అండాలమ్మ.

వెంకట్రావు ఫైలు మూసి పక్కకు జరిపాడు.

అండాలమ్మ చెప్పులు విడిచి నేల మీద కూర్చుండిపోయింది. “పేరు చెప్పకు. అందుట్ల ఉందా లేదా, గంత చెప్పు. నా మనుమరాలి మీద ఒట్టు, ఎవ్వరికి చెప్ప.”

“ఉందో లేదో కూడా చెప్పకూడదమ్మా.”

జ్యోతిక కుర్చీ పట్టుకుని నిలబడింది. చెంపల మీదికి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. అటెండరు జాలిపడి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

తిరిగి ఇందిరాదేవి గదికి వచ్చారు.

“వాళ్లు చెప్పింది పూర్తిగ అబద్ధం కాదు,” అంది ఆమె. “ఇప్పుడు జ్యోతిక నాకొక ముచ్చట చెప్పిందనుకో. నేను ఇంకొకరికి చెప్పొద్దు. చట్టం గట్లనే ఉంది.”

“ఎవ్వరికీ చెప్పరా మేడం?” అంది జ్యోతిక.

“జడ్జి అడిగినా చెప్ప.”

జ్యోతిక పెదవులు కదిలాయి. ఇంతలో పాప లేచి ఏడుపు అందుకుంది.

“కానీ గల్లీలోళ్లు చెప్పింది వకీలు రాసింది కాదు గద,” అంది ఇందిరాదేవి. “దాన్ని గీ ఫైల్ల కలిపి దాచిపెడితే నడవది. సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేద్దాం. ఆడ మనం గెలుస్తం. నాది జిమ్మేదారి.”

అండాలమ్మ పాపను అందుకుని గుండెకు అదుముకుంది. “రాయి బిడ్డా. నా కొడుకును మింగినోని పేరు చెవున పడేదాక నాకు ముద్ద దిగదు.”

జ్యోతిక కాగితం ముందుకు లాక్కుంది. కావలసిన సమాచారం అన్న చోట, అత్త చెప్పినట్టే, మ్యాన్‌హోల్ మూత తీసినవారి పేరు అని రాసింది.

ఆ మధ్యాహ్నం గడప దాటి చాప దాకా వచ్చిన నీళ్లు చూసి, నిద్రపోతున్న పాప తడిసిపోతుందని గల్లీలోకి దిగి, గడ్డపారతో ఆ మూత లేపింది తనే.