అప్లికేషన్‌లో చనిపోయిన నాన్న

“ముందు నేనెప్పుడు సచ్చిపోయేనో సెప్పండి సారూ!”

అప్పలరాజు అరుపుకి కోచింగ్ సెంటర్లో పిల్లలంతా తలలెత్తి చూశారు. సూర్యప్రకాష్ గబగబా లేచి అతన్ని తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. నర్సీపట్నంలో ఇంటర్ పిల్లల చేత పెద్ద యూనివర్సిటీలకి అప్లికేషన్లు పెట్టించేది ఆయనే.

“కూర్చోండి అప్పలరాజు గారూ. ఏం జరిగింది?”

“ఏటి జరగాలి? ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఆటోలోకి కృష్ణదేవిపేట మనుషుల్ని ఎక్కించుకుంటన్నాను. హైదరాబాద్ నుంచి ఫోను. యూనివర్సిటీ నుంచంట, ఎవరో మేడమ్. ‘మణి వాళ్ల నాన్నగారి డెత్ సర్టిఫికెట్ రాలేదు, సాయంత్రం అయిదు లోపు తేల్చకపోతే అప్లికేషన్ పక్కన పెట్టేస్తాం’ అంది. ఎక్కినోళ్లందర్నీ దించేసి వచ్చేను.”

సూర్యప్రకాష్ మొహంలో రంగు మారింది. కంప్యూటర్ తిప్పుకుని వెతికాడు. మణి ఆ సెంటర్లో అందరికంటే మంచి విద్యార్థిని. పూర్తి ఫీజు మాఫీతో ఆ యూనివర్సిటీలో సీటు వస్తే దానికే వస్తుందని ఆయనే నలుగురికీ చెప్పుకున్నాడు.

“ఫారంలో తండ్రి పేరు అప్పలరాజు అనే ఉందండీ. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో మాత్రం... నాకు చూపించకుండా పంపేసింది.”

“సదవండి. తెలుగులో సెప్పండి.”

“‘నాకు ఏడాదిన్నర వయసప్పుడు లంబసింగి ఘాట్‌లో జీపు బోల్తా పడి మా నాన్న చనిపోయాడు.’ ఇలా మొదలుపెట్టింది.”

“జీపని కూడా రాసిందా?” అప్పలరాజు బల్ల మీద గుద్దాడు. పెన్నుల డబ్బా కింద పడింది. “ఎవరు సెప్పేరు దానికి?”

“ఎవరూ చెప్పలేదండీ. క్లాసులో నేనన్నది ఒకటే. మార్కులు అందరికీ తొంభై అయిదు పైనే. వేలమందిలో మీ కాగితం వాళ్ల కంట్లో పడాలంటే ఇంకెవరూ రాయలేనిది రాయాలి. మీకు తగిలిన దెబ్బ ఏదైనా ఉంటే దాచుకోకుండా రాయండి అన్నాను.”

“దెబ్బ తగలని పిల్లలు ఏటి సెయ్యాలి సారూ? తండ్రిని సంపుకోవాలా? నా పిల్ల కష్టపడి సదివింది. అది సాలదా వాళ్లకి? ఇంట్లో ఏడుపులు కూడా జిరాక్స్ తీసి పంపాలా?”

సూర్యప్రకాష్ వంగి కిందపడ్డ పెన్నులు ఏరాడు. “ఇంకా రెండు పేజీలుంది, అది కూడా వినండి...”

“అక్కర్లేదు. ఇది ఇంకెవరైనా సదివేరా? బయటున్న ఆ పిల్లలు?”

“లేదండీ.”

అప్పలరాజు బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

“నూకరత్నం, పిల్లకి నువ్వేగానీ సెప్పేవా?”

“ఏటి సెప్పడం?”

“ఏటీ లేదు.” పెట్టేశాడు. ఆటో స్టార్ట్ చేశాడు. చెప్పిన నోరు ఎవరిదో తెలిస్తే ఆ మనిషిని నడిరోడ్డు మీదే నిలబెట్టి కడిగేద్దామన్నంత మంటగా ఉంది.

నాలుగున్నరకి కాలేజీ గేటు బయట మణి కనిపించింది. తండ్రి మొహం చూడగానే దానికి అర్థమైపోయింది. స్నేహితురాళ్లని పంపేసి ఆటో దగ్గరకొచ్చింది.

“ఎవరు సెప్పేరే నీకు?”

“ఎవరూ సెప్పలేదు నాన్నా. నాకే తెలిసింది.”

“మరెందుకు రాసేవు? పదిహేడేళ్లొచ్చేయి, ఏది రాయొచ్చో ఏది రాయకూడదో తెలీదా? సీటు కోసం ఇంతకి తెగిస్తావా?”

“ఇక్కడ అరవకు నాన్నా. అందరూ సూస్తన్నారు.”

“సూడనీ! ఇయ్యాల కాకపోతే రేపు ఊరంతా సూస్తాది. ఇదిగో ఫోను. తప్పయిపోయింది, అబద్ధం రాసేను, మా నాన్న బతికే ఉన్నాడు అని ఆ మేడమ్‌కి సెప్పు. బేగి!”

మణి ఫోను అందుకోలేదు. “అబద్ధం రాసేనంటే సీటు పోద్ది.”

“పోనీ! నన్ను సంపి తెచ్చుకున్న సీటు నాకొద్దు!”

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల దించుకోలేదు. “ఫారంలో తండ్రి పేరు దగ్గర నీ పేరే రాసేను కదా నాన్నా.”

“అందుకే కదే దొరికిపోయేవు!”

“దొరికిపోతానని తెలుసు. అక్కడ నీ పేరు లేకుండా వదిలెయ్యబుద్ధి కాలేదు.”

అప్పలరాజు టైము చూశాడు. అయిదుకి పావుగంట ఉంది. పిల్లకి వీపు తిప్పి నిలబడి తనే నంబరు నొక్కాడు.

“మణి అప్లికేషన్ గురించమ్మా. నేను అప్పలరాజుని.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “ఫారంలో తండ్రి పేరు అప్పలరాజు అనే ఉంది. మీరేనా?”

“నేనేనమ్మా.”

“మీరు బతికే ఉన్నారు. అమ్మాయేమో తండ్రి చనిపోయాడని రాసింది. అంటే అది అబద్ధం. కొట్టేయమంటారా సార్?”

కొట్టేయమనే చెప్పాలనుకుని ఫోన్ చేశాడు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. మణి ఆటో కమ్మీ గట్టిగా పట్టుకుని, ఏం చెప్పినా సరేనన్నట్టు అతన్నే చూస్తోంది. పొద్దుట్నుంచీ ఒంట్లో మండుతున్న కోపం ఎటుపోయిందో తెలియలేదు.

పదిహేనేళ్లుగా భార్య దగ్గర తప్ప ఇంకెక్కడా ఎత్తని మాట, పిల్ల వింటుండగానే, గొంతు దాటి బయటికొచ్చింది.

“నేను దాన్ని కన్నోణ్ని కాదమ్మా.”