ఖాళీ సాకెట్లు

హనోకు రాజోలులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆ రాత్రి కొట్లో ఒంటరిగా, సలోమి గారి పాత కంప్యూటరు ముందేసుకుని కూర్చున్నాడు. టీవీకి తగిలించి వాడే ఎనభైల నాటి పెట్టె అది. ఆవిడ భర్త, లెక్కల మాస్టారు, దాన్ని ప్రాణంలా చూసుకునేవారు. ఆయన పోయి పదేళ్లయింది. ఎలాగైనా మళ్లీ నడిపించమని ఆవిడ ఇచ్చి వెళ్లారు.

పాత మెమరీ చిప్పులన్నీ సాకెట్లలోంచి ఊడదీసి బల్లమీద పెట్టాడు. కొత్తవి బిగించేముందు, కరెంటు అందుతోందో లేదో చూద్దామని స్విచ్చి వేశాడు. మెమరీ లేనప్పుడు తెరమీద ఒక్క అక్షరమైనా రాకూడదు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే పడ్డాయి.

‘సలోమీ, నా పెట్టె ఏది?’

స్విచ్చి కట్టేశాడు. అక్షరాలు పోలేదు. ఆవిడకి ఫోన్ చేశాడు.

“అమ్మగారూ, ఈ కంప్యూటరు నా దగ్గరుందని ఎవరికైనా చెప్పేరాండీ?”

“ఆయ్, ఇందాక మాస్టారు వచ్చి అడిగేరండి,” అన్నారావిడ, చాలా మామూలుగా. “మీ కొట్లో ఉందని చెప్పేను. సైకిలేసుకుని బయల్దేరేరు.”

హనోకు షట్టరు దించడానికి పరుగెత్తాడు. అది సగం దిగేసరికి, బయట సైకిలుకి స్టాండు వేసిన చప్పుడైంది.