గోడ చెప్పిన శుభవార్త

పొద్దున్నే వంటింటి గోడ గొంతు సవరించుకుంది. ఏ ఇంటికి ఏ మేలు అవసరమవుతుందో ప్రభుత్వశాఖలు ముందే కనిపెట్టి, ఆ ఇంటివాళ్లకే వార్తగా వినిపించే రోజులవి. కుళాయి చెడకముందే, బాగుచేసే మనిషి బయల్దేరాడన్న కబురు వచ్చేసేది. గోడ మాట ఒక్కనాడూ తప్పలేదు.

సుభాషిణి పొయ్యి మీంచి ఇడ్లీరేకులు దింపుతోంది.

"శుభవార్త! మీ ఇంట్లో ఒకరికి వితంతు పింఛను మంజూరైంది."

"నాకు వస్తానే ఉంది కదే! మళ్లీ రెండోదా?" అంది అత్తగారు సూరమ్మ, బోసినోటితో నవ్వుతూ. "ఇత్తామంటే వద్దంటామేటి?"

"లబ్ధిదారు పేరు సుభాషిణి. అభినందనలు!" అంది గోడ.

రేకులు చేతిలోంచి జారిపడ్డాయి. సూరమ్మ నవ్వు మొహం మీదే బిగుసుకుపోయింది. వాకిట్లో సూరమ్మ కొడుకు వీర్రాజు బండి స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినబడింది. సుభాషిణి కళ్లకి ఆ బండి యముడి దున్నలా కనిపించింది. ఒక్క పరుగున వెళ్లి తాళంచెవి లాగేసి, మొగుణ్ణి రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చి, తలుపు గడియ పెట్టింది.

"ఇయ్యాల గడప దాటారంటే నా మీదొట్టే!"

"ఏమైందే నీకు?" అంటూ వీర్రాజు పీట మీద కూలబడ్డాడు. "సరే, వెళ్లన్లే. నాకూ పొద్దున్నించీ గుండెల్లో ఒకటే మంటగా ఉంది."

చొక్కా గుండీలు విప్పుకుని ఛాతీ రుద్దుకోసాగాడు. నుదురంతా చెమటలు.

సుభాషిణి గోడ మీద రెండు చేతులతో బాదింది. "డాక్టర్ని పంపండి! మీకు దణ్ణం పెడతాను, డాక్టర్ని పంపండి!"

"ఆరోగ్యశాఖ నుంచి మీ ఇంటికి ఈరోజు వార్తలేమీ లేవు," అంది గోడ, అదే తీయని గొంతుతో.