ఎవరింటికి పోను?

"మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి మాస్టారూ. స్టేజీ ఎక్కి పరువు తీస్తే నన్నడగొద్దు," అన్నాడు కాంట్రాక్టరు ముందు వరుసలో కూర్చుంటూ.

"మీరేం బెంగ పెట్టుకోకండి," అన్నాడే గానీ లెక్కల మాస్టారికీ లోపల బెంగగానే ఉంది. నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ ఆయనే. కూలిపోతున్న పాత హాలును ఊరంతా తలో చెయ్యీ వేసి నిలబెట్టింది. తాపీవాళ్లు గోడలెత్తారు, వడ్రంగి బల్లలు చేశాడు. తీరా ఈ తొలి నాటకం కాస్తా అభాసుపాలైతే హాలును గోడౌనుకు ఇచ్చేస్తామని మున్సిపాలిటీ కాచుక్కూర్చుంది. దిక్కుమాలిన గోడౌను!

మొదటి రంగం నవ్వుల్లో గడిచిపోయింది. రెండో రంగంలో కాంట్రాక్టరు భార్య వచ్చింది. రిహార్సళ్లకు తలొంచుకుని వచ్చి తలొంచుకుని వెళ్లిపోయే మనిషి, తిన్నగా స్టేజీ అంచుకొచ్చి నిలబడింది.

"మా ఆయన నన్ను కొడతాడు. పైకి కనపడని చోట చూసి మరీ కొడతాడు. బయట ఆయనకున్న మంచిపేరు చూసి, చెప్పినా ఎవరు నమ్ముతారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

తెర పక్కన మాస్టారు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఈ పిల్లలో ఇంత ఉందా!

"అమ్మో, ఏం నటనే తల్లీ! ఒళ్లు జలదరిస్తోంది," బేకరీ ఆవిడ కళ్లొత్తుకుంది. వెనక వరుసవాళ్లు కాంట్రాక్టరు భుజం చరిచారు. "ఇంట్లో ఇంత నటిని దాచుకున్నావేమయ్యా!" అతను చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇవాళ ఆ గడప తొక్కితే నన్ను బతకనివ్వడు. ఈ రాత్రికి ఎవరింటికి పోను?" అంటూ ఆమె హాలంతా కలయజూసింది.

"మా ఇంటికి రావే!" బేకరీ ఆవిడ లేచి అరిచింది.

"మా ఇంటికి రామ్మా! వాడు గుమ్మంలో ఎలా అడుగుపెడతాడో మేమూ చూస్తాం!" తాపీవాళ్లు లేచారు. వాళ్ల వెనకే హాలంతా లేచింది. చప్పట్లకు కొత్త కప్పు దద్దరిల్లిపోయింది.

తెర లాగే వడ్రంగి ముక్కు ఎగబీల్చాడు. "నాటకమంటే ఇదీ! ఆ పిల్ల చేత ఏం మాటలు చెప్పించారు మాస్టారూ!"

మాస్టారు చేతిలోని నాటకం కాగితాలు అతని ముందుకు చాచాడు.

"ఆమెది మూగ పాత్రయ్యా."