రెండో పీట

"తియ్యిండ్రి ఆ రెండు పీటలు!" కిషన్‌రావు దొర రాగి చెంబుతో హాల్లోకి వస్తూనే అరిచాడు. ఎమర్జెన్సీ పోయి ఖానాపూర్‌లో కూలి సంఘం పుట్టినప్పటి నుంచి దొర గొంతు వాకిలి దాటడం లేదు. ఆ లోటంతా ఇంట్లో తీర్చుకుంటున్నాడు.

"ఉండనియ్యిండ్రి," అంది భార్య ప్రమోదిని.

కార్తీకం ఆఖరి సోమవారం. ఏటా ఆ ఇంట్లో దంపతి పూజ. పిలిచిన మొగుడూ పెళ్లాలను జంట పీటల మీద కూర్చోబెట్టి, శివపార్వతులే వచ్చారనుకుని దొర నీళ్లు పోస్తే దొరసాని కాళ్లు కడగాలి. తక్కిన జంటలన్నీ వచ్చి కూర్చున్నాయి. మెట్‌పల్లి నుంచి ఏటా జంటగా వచ్చే వెంకటేశ్వర్‌రావు మొన్న ఆషాఢంలో పోయాడు. అతని భార్య దేవకి ఒక్కతే వచ్చింది. బోసి నొసటితో బయట చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది.

"ముండమోసినదాన్ని పూజకు పిలుస్తరా? మతి ఉన్నదా నీకు?" అత్త జానకీబాయి గొణగలేదు, దేవకికి వినపడేట్టే అంది.

"నేనే కబురు పెట్టిన. రాకుంటే ముద్ద ముట్టనన్న."

పది గదుల ఇల్లది. ప్రమోదినికి మాట్లాడే మనిషి లేదు. దొర నోరు తెరిస్తే పొలం, కోర్టు. అత్త నోరు తెరిస్తే మడి. ఏడాదంతా ఆమె ఈ ఒక్క సోమవారం కోసం బతికేది. తక్కిన జంటల కాళ్లు గబగబా కడిగేసేది. దేవకి దగ్గరికి వచ్చేసరికి మంత్రం ముగిసినా ఈమె పసుపు ముగిసేది కాదు. వేలు వేలుకూ రాసేది. దొరసానికి పుణ్యం యావ అనుకునేవాళ్లు జనం. ఇవాళ ఈ గడప దాటనివ్వకపోతే దేవకి ఇక ఏ ఏడాదీ రాదు. విధవను ఏ పేరు చెప్పి పిలవాలి?

"అయ్యగారూ," ప్రమోదిని పురాణం పంతులు వైపు తిరిగింది. "పొద్దున చెప్పిన్రు గద సీమంతిని కథ. మళ్లొకపారి చెప్పుండ్రి."

పంతులు ఇబ్బందిగా కదిలాడు. "ఏమున్నదమ్మా... ఇద్దరు పేద బ్రహ్మచారులు. ఒకడు చీర కట్టి, ఇంకొకనికి పెండ్లాం లెక్క సీమంతిని రాణి దంపతి పూజల కూసున్నడు."

"ఇద్దరూ మొగోళ్లేనని రాణికి ఎరుక కాలేదా?"

"ఎరుకైంది. నవ్వుకున్నది."

"లేవగొట్టిందా?"

"లేదు. గౌరీశంకరులే అనుకొని పూజ చేసింది."

"తర్వాత?"

"చీర కట్టినోడు ఆడదైపోయిండు. రెండోవాని మీద మనసైంది. ఇద్దరికి లగ్గమైంది." పంతులు ఆఖరి మాట సగం మింగేశాడు.

"విన్నరా?" అంది ప్రమోదిని మొగుడితో.

"అది పురాణం. ఇనెతందుకు గాని చేసెతందుకా?" దొర విసుక్కున్నాడు. "ఆమె పక్కపొంటి ఎవన్ని కూసోబెడ్తవు? గోడనా?"

జంటల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ప్రమోదిని బయటికి వెళ్లి దేవకి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"నన్ను పోనియ్యవే పమ్మీ. బస్సు దొరుకుతది." దేవకి కళ్లెత్తలేదు.

"పోయి ఏం జేస్తవు?"

అక్కడా ఒక పెద్ద ఇల్లే. అక్కడా మాట్లాడే మనిషి లేదు.

పట్టిన చెయ్యి వదలకుండా లోపలికి నడిపించింది ప్రమోదిని. దారి పొడుగునా ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కున్నారు. జానకీబాయి మొహం తిప్పుకుంది. దేవకి పీట మీద కూర్చుంది. పక్క పీట ఖాళీ. అందరి కళ్లూ దాని మీదే.

"ఊఁ, పిలువు!" దొర చెంబు ఊపాడు. నీళ్లు కింద ఒలికాయి. "ఎవన్ని పిలుస్తవో పిలువు. విధవ పక్కన కూసునే మొగోడు గీ ఊర్లె ఎవడున్నడో నేను గూడ జూస్త."

ప్రమోదిని ఎవరినీ పిలవలేదు. కొంగు సర్దుకుని, ఆ ఖాళీ పీట మీద తానే కూర్చుంది. దేవకి పాదాల పక్కన తన పాదాలు చాపింది.

"చెంబు మీ చేతిలనే ఉన్నది గద," అంది మొగుడితో. "కడుగుండ్రి."