వంకర బిస్కెట్లు

“బిస్కెట్లు చెయ్యడానికి తుపాకీ కొన్నావా? ఇక చేతులు గోళ్ళరంగు వేసుకోడానికే కాబోలు,” అంది అత్తగారు.

కోడలు తుపాకీలా మీట ఉన్న కొత్త బిస్కెట్ ప్రెస్సు గొట్టంలో పిండి కూరి, ట్రే మీద ఆనించి మీట నొక్కింది. పైకెత్తితే పిండిపువ్వు ట్రేని వదిలేసి గొట్టానికే వేలాడింది. రెండోదీ అంతే.

“ట్రేకి నెయ్యి పూసి చచ్చావుగా తల్లీ. జారుడుబల్ల మీద పిండి నిలుస్తుందా? తుడిచి ఇలా తే.”

పొడి ట్రే మీద గొట్టం నిలబెట్టి ఆవిడే నొక్కింది. కొడుక్కి తెలియకుండా ఏడాదిగా దాచుకుంటున్న వణుకు చేతిలో ఉండనే ఉంది. పువ్వు మాత్రం చెక్కుచెదరకుండా పడింది. వరసగా పన్నెండు, అన్నీ ఒక్క తీరే.

“పోయినసారి మీరు చేత్తో వత్తిన వంకరవన్నీ డబ్బా అడుగున దాచారు కదత్తయ్యా. నేనే తినేశాను. ఆయన చూస్తే మిమ్మల్ని ఓవెన్ దగ్గరికి రానివ్వరని,” అంది కోడలు, తల ఎత్తకుండా.

ఆ తుపాకీ ఎవరి చేతికోసం కొన్నదో ఆవిడకి అప్పుడు తెలిసింది. గొట్టాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ పిండి కూరింది.

“నిలబడి చూస్తావేం? రెండో ట్రే కూడా తుడువు,” అని కసిరింది. “నీకు వదిలేస్తే దీనికీ నెయ్యి పూస్తావు.”